సెకండ్ హ్యాండ్ చిన్న లారీ కొన్నాను: లోడుతో ఎత్తు ఎక్కడం లేదు, ముందు ఏం చూడాలి?

వంటిమామిడి లోడు

అందరికీ నమస్కారం. ఈ మధ్యే ఒక చిన్న లారీ కొన్నాను. 2018 మోడల్, బీఎస్-4 (అప్పటి కాలుష్య ప్రమాణం), మూడు సిలిండర్ల కామన్ రైల్ డీజిల్ (ఒకే ఉమ్మడి పైపులో పీడనంతో నిలిచిన డీజిల్ ఇంజెక్టర్లన్నిటికీ వెళ్లే రకం), టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెట్టేది) ఉంది. ఒకటింపావు టన్ను మోసే బండి. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. లోపం తయారీది కాదు, నాకు ముందు నడిపినవాళ్ల నిర్వహణది అని నా నమ్మకం.

నాది అల్వాల్. తెల్లవారుజామున వంటిమామిడి మార్కెట్‌లో కూరగాయలు ఎక్కించుకుని రాజీవ్ రహదారి మీదుగా బోయినపల్లికి తేవాలి. పగలు దొరికితే జీడిమెట్ల వైపు కిరాయిలు. ఆలస్యమైతే సరుకు ధర పడిపోతుంది కాబట్టి దారిలో ఆగే బండి నాకు పనికిరాదు.

ఇబ్బందులు ఇవి. ఖాళీగా ఉంటే ఫరవాలేదు. లోడు వేస్తే శామీర్‌పేట, తూంకుంట మధ్య చిన్న ఎత్తుకే మూడో గేరుకు దిగాల్సి వస్తోంది, వెనుక నల్ల పొగ. ఉదయం స్టార్ట్ కావడానికి సెల్ఫ్ చాలాసేపు కొట్టాలి. డీజిల్ బాగా తాగుతోంది. ఇంటి దగ్గరి మెకానిక్ చూసి, డీజిల్ పంపు, దాన్ని సిలిండర్లలోకి చిమ్మే ఇంజెక్టర్లు విప్పి బాగు చేయించాలన్నాడు. ఆయన చెప్పిన ఖర్చు నా నెలవాయిదాలకు ఎన్నో రెట్లు. అంత పెట్టే ముందు చూసుకోవలసినవి ఏమైనా ఉన్నాయా?

పాత407

తమ్ముడూ, ఇప్పుడే పంపు మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకు. డిపో వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనవాడిని, నువ్వు చెప్పిన లక్షణాలను బట్టి మాట్లాడుతున్నాను.

నల్ల పొగ వస్తోందంటే డీజిల్ లోపలికి వెళ్తోంది, దాన్ని కాల్చడానికి గాలి చాలడం లేదు అని అర్థం. పంపు నిజంగా అరిగిపోయి ఉంటే డీజిల్ తగ్గుతుంది, బండి లాగదు, పొగ కూడా పెద్దగా రాదు. నీది అలా లేదు. కాబట్టి గాలి దారి ముందు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పు. లోపలి కాగితం నల్లగా ఉంటే దులిపి పెట్టకు, కొత్తది వేయి. దులిపితే కాగితంలో కంటికి కనిపించని చిల్లులు పడతాయి, ఆ ధూళి నేరుగా టర్బో రెక్కల మీదికి పోతుంది. డబ్బా మూత క్లిప్పులన్నీ పట్టుగా ఉన్నాయా, ఫిల్టర్ చుట్టూ రబ్బరు సరిగ్గా కూర్చుందా చూడు. తర్వాత ఫిల్టర్ నుంచి టర్బోకు, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లార్చేది), అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే ప్రతి గొట్టాన్నీ చేత్తో తడిమి చూడు. పైవైపు బాగానే కనిపిస్తుంది, కిందివైపే చీలుతుంది.

ఇంకో మాట. చేతులు మారిన బండికి వెనకటి చరిత్ర నమ్మకూడదు. అమ్మినవాళ్లు ఈ మధ్యే సర్వీసు చేయించామన్నా సరే, ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, గేర్‌బాక్స్ ఆయిల్, వెనుక ఇరుసు గేర్లకు వేసే క్రౌన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్ అన్నీ మార్చి, ఆ రోజు కిలోమీటర్ల అంకె డోరు లోపల పెయింటుతో రాసిపెట్టుకో. అప్పటి నుంచి నీ లెక్క మొదలు.

డీజిల్ బెంచి

బాలానగర్‌లో ఇంజెక్టర్లు పరీక్షించే పనిలో ఉన్నాను. పెద్దాయన చెప్పింది చాలావరకు నిజం, ఒక్కటి చేర్చాలి. ఇంజెక్టర్ మొన కారుతున్నా నల్ల పొగ వస్తుంది. అయితే అప్పుడు ఐడిల్‌లో కూడా ఇంజిన్ ఊగుతుంది, టకటకమనే శబ్దం వినిపిస్తుంది. మీ బండి ఖాళీగా ఉన్నప్పుడు శుభ్రంగా నడుస్తోందంటున్నారు కాబట్టి నా అనుమానం కూడా గాలి మీదే.

ఇంజెక్టర్లు బాగున్నాయో లేదో విప్పకుండానే కొంత తెలుసుకోవచ్చు. ఒక్కో ఇంజెక్టర్ నుంచి ట్యాంకుకు తిరిగి వెళ్లే సన్న గొట్టం ఉంటుంది. మూడింటినీ మూడు సీసాల్లో పెట్టి, ఇంజిన్ కాసేపు నడిపి, ఎందులో ఎంత చేరిందో పోల్చి చూస్తారు. మూడూ దాదాపు సమానమైతే ఊరట. ఒకటి మిగతా రెండింటికన్నా బాగా ఎక్కువ తిప్పి పంపుతుంటే ఆ ఒక్కదాన్నే పరీక్ష చేసే బెంచి మీదికి తేవాలి. మూడూ కలిపి మార్చమన్న చోట ముందు ఈ పరీక్ష చేయమని అడగండి.

జాగ్రత్త ఒకటి గట్టిగా చెబుతున్నాను. ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్‌కు వెళ్లే ఉక్కు పైపుల నట్లు వదులు చేయవద్దు. పాత బండ్లలో గాలి తీయడానికి అలా చేసేవారు. కామన్ రైల్‌లో పీడనం వెయ్యి బార్లు దాటుతుంది. అంత పీడనంతో వచ్చే సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా లోపల కండ పాడవుతుంది, వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది. కారుతోందా అని వేలు పెట్టి చూడటం కూడా వద్దు.

కిరాయి మేస్త్రి

అన్నా, ఈజీఆర్ వాల్వుకు (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) ఒక రేకు కోసి అడ్డం పెట్టేయండి. పొగ తగ్గుతుంది, పికప్ వస్తుంది. నాకు తెలిసిన చాలామంది చేశారు.

డీజిల్ బెంచి

దయచేసి వద్దు. ఈజీఆర్ పని పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడం. దాన్ని అడ్డగిస్తే ఇంజిన్ కంప్యూటర్‌కు తెలుస్తుంది, లైటు వెలుగుతుంది, కొన్ని బండ్లలో శక్తిని తనే తగ్గించేస్తుంది. పైగా చట్టపరంగా తప్పు. వాల్వు మసిపట్టి తెరుచుకునే ఉండిపోతే లాగుడు తగ్గి నల్ల పొగ వస్తుంది, ఆ మాట నిజమే. దానికి మందు విప్పి శుభ్రం చేయడం. తెరిచి మూస్తే కదులుతోందా లేదా ఇంజిన్ కంప్యూటర్‌ను చదివే స్కానర్‌తో చూడవచ్చు.

కిరాయి మేస్త్రి

సరే సార్, శుభ్రం చేయడమే మంచిదని ఒప్పుకుంటున్నాను.

వైరింగ్ పెట్టె

ఉదయం స్టార్ట్ విషయం నేను చెబుతాను. కామన్ రైల్ ఇంజిన్‌కు పాత బండిలా తోస్తే చాలదు. సెల్ఫ్ తగినంత వేగంగా తిరగాలి, రైల్‌లో పీడనం పుట్టాలి, కంప్యూటర్‌కు సరిపడా ఓల్టేజి ఉండాలి. అప్పుడే ఇంజెక్టర్లు తెరుచుకుంటాయి. బ్యాటరీ కాస్త నీరసంగా ఉన్నా తిరుగుతున్నట్టే ఉంటుంది, అంటుకోదు.

ఒక మల్టీమీటర్ కొనుక్కోండి, ఖరీదు తక్కువ. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 ఓల్టుల దగ్గర ఉండాలి. 12.2 చూపిస్తే సగం ఖాళీ. సెల్ఫ్ కొడుతుండగా 9.6 కన్నా కిందికి పడితే బ్యాటరీని అనుమానించండి. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య రాకపోతే డైనమోను చూపించండి. వీటన్నిటికన్నా ముందు ఎర్త్ వైరు. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే రెండు చోట్లా బోల్టు విప్పి, తుప్పు, పెయింటు గీకి, మెరిసే లోహం మీద బిగించండి. చేతులు మారిన బండిలో జీపీఎస్, అదనపు లైట్లు, పాటల పెట్టె అంటూ పాత యజమాని అతికించిన వైర్లు ఉంటాయి. ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి లాగినవి తీసేయండి. వేసవిలో లారీలు తగలబడటానికి ఇలాంటి అతుకులు ఒక కారణం.

పాత407

వైరింగ్ బాబు చెప్పింది మంచి మాట. ఉదయం సెల్ఫ్ ఎక్కువ కొట్టాలంటే ఇంకో కారణం కూడా ఉంటుంది. రాత్రి బండి ఆగి ఉన్నప్పుడు పైపుల్లోని డీజిల్ ట్యాంకులోకి జారిపోవడం. ట్యాంకు నుంచి పంపు దాకా ఎక్కడో గాలి పీల్చుకుంటోందన్నమాట. అక్కడ డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది, అందుకే తడి కనిపించదు. ఫిల్టర్ తర్వాత ఒక అడుగు పారదర్శకమైన డీజిల్ గొట్టం తాత్కాలికంగా పెట్టి చూస్తే బుడగలు కనిపిస్తాయి. 1986లో టాటా 407 వచ్చిన కొత్తలో కూడా ఇదే తంటా, ఇదే పరీక్ష. ఇంజిన్లు మారినా గాలి బుడగ మారలేదు.

ఫిల్టర్ అడుగున నీరు వదిలే మర ఉంటుంది. అది విప్పి గాజు గ్లాసులో పట్టు. నీళ్లు అడుగున విడిగా నిలుస్తాయి. తుప్పు రేణువులు కూడా వస్తే ట్యాంకు దించి కడిగించాల్సిందే.

కాగితాల పని

మెకానిక్ పనికి మధ్యలో వస్తున్నాను, కానీ ఇది కూడా బండి నడవడంలో భాగమే. బండి మీ పేరు మీదికి మారిందా? అమ్మినవారు సంతకం చేసిన ఫారం 29, ఫారం 30 (యజమాని మార్పు పత్రాలు) ఉండాలి. ముందు ఫైనాన్సులో ఉండి ఉంటే అప్పు తీరిందని తెలిపే ఫారం 35తో పాటు ఫైనాన్స్ సంస్థ ఇచ్చే నిరభ్యంతర పత్రం తప్పనిసరి. అది లేకపోతే వాయిదాలు కట్టేసిన బండి మీద కూడా అప్పు ఉన్నట్టే కనిపిస్తుంది.

బీమా సంగతి చాలామంది వదిలేస్తారు. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం బండి చేతులు మారిన 14 రోజుల్లోగా బీమా కంపెనీకి దరఖాస్తు చేయాలి. మార్చుకోకపోతే ఎదుటివారికి జరిగిన నష్టం వరకు పాలసీ పనిచేసినా, మీ బండికి దెబ్బ తగిలితే చెల్లింపు దగ్గర పేచీ వస్తుంది. ఇక ఫిట్‌నెస్. రవాణా వాహనానికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకొకసారి, తర్వాత ఏటా. మీది 2018 మోడల్ కాబట్టి ఏటా చేయించే దశకు వచ్చినట్టే. రిజిస్ట్రేషన్ తేదీ చూసుకోండి. పెండింగ్ చలాన్లు ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొడితే తెలుస్తాయి.

లైసెన్సు గురించి కూడా ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనాన్ని ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మీ బండి ఆ లోపే.

వంటిమామిడి లోడు

అందరికీ చాలా కృతజ్ఞతలు. కాగితాలు నా పేరు మీదికి వచ్చాయి, బీమా మాత్రం ఇంకా మారలేదు, రేపే వెళ్తాను.

చేసినవి రాస్తున్నాను. ఎయిర్ ఫిల్టర్ తీస్తే మట్టి రాలింది, కొత్తది వేశాను. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వచ్చాయి, తుప్పు లేదు. ఫిల్టర్ మూత కింద రబ్బరు రింగు కొలత వేరేది, ఎవరో దొరికింది వేసి బిగించారు. రాణిగంజ్‌లో సరైన రింగు దొరికింది. అది మార్చాక బుడగలు ఆగాయి, ఉదయం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది. ఎర్త్ వైరు కూడా శుభ్రం చేశాను. బ్యాటరీ 12.5 చూపిస్తోంది, ఛార్జింగ్ 14.1.

స్కానర్ పెట్టిస్తే రైల్ పీడనం సరిగ్గా ఉందన్నారు. ఈజీఆర్ కదులుతోంది. ఒకే కోడ్ ఉంది, బూస్ట్ పీడనం (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) ఉండాల్సిన దానికన్నా తక్కువ అని. ఇంజెక్టర్ల సీసాల పరీక్షలో మూడూ సమానంగానే ఉన్నాయి. గొట్టాలన్నీ తడిమి చూశాను, చీలిక దొరకలేదు. అయితే టర్బో పోయినట్టేనా?

డీజిల్ బెంచి

కంగారు వద్దు. టర్బో పోయిందో లేదో మీరే చూడవచ్చు. ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారాక, టర్బోకు గాలి తెచ్చే గొట్టం ఊడదీయండి. లోపలి చక్రాన్ని వేలితో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. పక్కలకు ఆవగింజంత కదలిక ఉండటం మామూలే. ముందుకూ వెనక్కూ లాగితే కదలకూడదు, రెక్కల అంచు గోడకు తగిలిన గీతలు ఉండకూడదు. గొట్టంలో పల్చని ఆయిల్ పొర ఉంటే భయపడకండి, ఆయిల్ నిలిచి ఉంటే మాత్రం నాకు చెప్పండి.

అది బాగుంటే గొట్టాల్లోనే చీలిక ఉంది. ఆగిన ఇంజిన్‌లో రబ్బరు చీలిక మూసుకుని ఉంటుంది. లోడు మీద గాలి నిండి ఉబ్బినప్పుడే నోరు తెరుస్తుంది. అందుకే చేతికి దొరకలేదు. టర్బో వైపు గొట్టం నోటికి మూత బిగించి, తక్కువ పీడనంతో గాలి ఎక్కించి, సబ్బు నీళ్లు పూయించండి. పంక్చర్ షాపు పీడనం అంతా ఒక్కసారి ఎక్కించవద్దు, ఒక బార్ కన్నా తక్కువే చాలు, లేకపోతే సీళ్లు పోతాయి.

వంటిమామిడి లోడు

దొరికింది. ఇంటర్‌కూలర్ దగ్గరి గొట్టం వంపులో, క్లిప్పు పక్కనే, అడుగువైపు చీలిక. బొటనవేలంత. పైనుంచి చూస్తే ఏమీ లేదు. సబ్బు నీళ్లు పూయగానే నురగ పొంగింది. గొట్టం, రెండు క్లిప్పులు కొత్తవి వేయించాను. టర్బో చక్రం బాగుంది. నల్ల పొగ పోయింది.

కానీ లాగుడు పూర్తిగా రాలేదు. చాలా మెరుగే, అయినా బండిని ఎవరో వెనక్కి పట్టి ఆపుతున్నట్టుంది. డీజిల్ ఖర్చు కూడా అనుకున్నంత తగ్గలేదు.

పాత407

ఇప్పుడు ఇంజిన్ వదిలేయ్. చక్రాల దగ్గరికి రా. లోడు దింపి వచ్చేటప్పుడు, బ్రేకు తక్కువగా వాడుతూ కొంత దూరం నడిపి ఆపు. నాలుగు హబ్బుల మీదా నీళ్లు చిలకరించు. ఏది చుయ్యిమంటుందో ఆ బ్రేకు పట్టి ఉంది. చెయ్యి పెట్టి చూడకు, కాలుతుంది. తర్వాత సమతలం మీద, ముందు చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదిలి, జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టాకే చక్రం చేత్తో తిప్పు. ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి వెళ్లకు.

వంటిమామిడి లోడు

వెనుక ఎడమ చక్రం. నీళ్లు పడగానే ఆవిరి వచ్చింది, మిగతా మూడూ మామూలుగా ఉన్నాయి. ఎత్తి తిప్పితే రెండు చేతులతో కూడా బరువుగా కదిలింది. డ్రమ్ము తీయిస్తే బ్రేకును నెట్టే వీల్ సిలిండర్ పిస్టన్ తుప్పుతో బిగుసుకుపోయింది, వెనక్కి లాగే స్ప్రింగు ఒకటి విరిగింది. బ్రేకు లైనర్లు కాలి నల్లబడ్డాయి. అంటే ఇంతకాలం బండి బ్రేకు వేసుకునే ఎత్తు ఎక్కింది.

పాత407

రెండు వైపులా చేయించు. ఒక్క వైపే కొత్త లైనర్ వేస్తే బ్రేకు కొట్టగానే బండి పక్కకు లాగుతుంది. సిలిండర్లు, స్ప్రింగులు జతగా మార్చు. డ్రమ్ము లేత్ మీద పెట్టే ముందు లోపలి వ్యాసం కొలవమను. గరిష్ఠ కొలత డ్రమ్ము మీదే పోసి ఉంటుంది, అది దాటితే కొత్తదే. హ్యాండ్ బ్రేక్ కేబుల్ విప్పి లోపల తేలిగ్గా జారుతోందా చూడు. పాత బ్రేక్ ఆయిల్ మొత్తం తీయించు, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీ సిలిండర్ తుప్పుకు అదే మూలం కావచ్చు. డ్రమ్ములోని దుమ్ము గాలితో కొట్టించవద్దు, ఊపిరితిత్తులకు చేటు, తడిపి తుడవమను.

కిరాయి మేస్త్రి

అన్నా, ఇంకో సంగతి. ఇంజిన్ వేడి ముల్లు ఎక్కడ నిలుస్తోంది? మన దగ్గర చాలామంది వేసవిలో వేడెక్కుతోందని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వెళ్లనివ్వని వాల్వు) పీకేస్తారు.

వంటిమామిడి లోడు

మీరు అడగడం మంచిదైంది. ముల్లు ఎప్పుడూ అడుగునే ఉంటోంది, చల్లగా నడవడం మంచిదే కదా అనుకుంటున్నాను. రేడియేటర్‌లో రంగు లేదు, బోరు నీళ్లలా ఉన్నాయి.

డీజిల్ బెంచి

మంచిది కాదు. డీజిల్ ఇంజిన్ వేడిగా, దాదాపు 80 నుంచి 95 డిగ్రీల మధ్య నడవాలి. చల్లగా ఉంటే కంప్యూటర్ ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని డీజిల్ లెక్క మార్చుకుంటుంది, ఆయిల్ పల్చబడదు, సిలిండర్ గోడలు అరుగుతాయి. మీ డీజిల్ ఖర్చులో కొంత ఇక్కడే పోతోంది. హౌసింగ్ విప్పించి థర్మోస్టాట్ ఉందో లేదో చూడండి. మన నగరం బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, రేడియేటర్ సన్నగొట్టాల్లో పెచ్చులు కడుతుంది. కడిగించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి.

వంటిమామిడి లోడు

థర్మోస్టాట్ నిజంగానే లేదు, ఖాళీ హౌసింగ్. కొత్తది వేయించి కూలెంట్ పోశాను. బ్రేకులు రెండు వైపులా అయ్యాయి. నిన్న నిండు టమాటా లోడుతో వచ్చాను. తూంకుంట ఎత్తు నాలుగో గేరులోనే ఎక్కింది, అద్దంలో పొగ లేదు. పంపూ ఇంజెక్టర్లూ ఎవరూ ముట్టుకోలేదు. మీ అందరి వల్ల నా ఇంటికి ఎంత మేలు జరిగిందో చెప్పలేను.

చివరగా ఒకటి. లోడు వేస్తే వెనుక బాగా దిగుతోంది. అదనంగా ఒక కమాన్ పట్టీ (వెనుక బరువు మోసే స్ప్రింగు పట్టీ) వేయించమని అందరూ అంటున్నారు. వేయించనా?

పాత407

వద్దు తమ్ముడూ. ఈ ఒక్కటి మాత్రం నా మాట విను. నీ బండి వెనుక ఇరుసు దగ్గర, ఛాసిస్‌కూ ఇరుసుకూ మధ్య చిన్న రాడ్డుతో కట్టిన వాల్వు ఉందేమో పడుకుని చూడు. బండి ఎంత దిగితే అంత లోడు ఉందని గ్రహించి వెనుక బ్రేకులకు అంత పీడనం పంపుతుంది. అదనపు పట్టీ వేస్తే నిండు లోడులో కూడా వెనుక దిగదు. వాల్వు బండి ఖాళీ అనుకుని వెనుక బ్రేకు తగ్గిస్తుంది. భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. వర్షంలో అల్వాల్ దిగుడులో అడ్డంగా ఎవరైనా వస్తే బండి ఆగాల్సిన చోట ఆగదు.

దిగుతోందంటే పట్టీల వంపు పోయి ఉండాలి, లేదా లోడు బండి సామర్థ్యాన్ని మించి ఉండాలి. కాంటా మీద ఒకసారి తూకం వేయించు.

కిరాయి మేస్త్రి

పెద్దాయన చెప్పింది ఇప్పుడే వింటున్నాను, నా బండి కూడా చూసుకోవాలి. పట్టీల కట్ట విప్పితే మధ్యలోని సెంటర్ బోల్టు, చివర్లలోని షాకిల్ బుష్‌లు, ఇరుసుకు బిగించే యూ-బోల్టులు కూడా చూడండి అన్నా. పట్టీ ఎక్కడైనా పగిలితే అతికించకుండా అదే కొలతది మార్చాలి. యూ-బోల్టులు పాతవి తిరిగి వాడవద్దు. లోడుతో కొంత దూరం నడిపాక మళ్లీ బిగింపు చూపించండి.

వంటిమామిడి లోడు

పడుకుని చూశాను, వాల్వు ఉంది, రాడ్డు కూడా ఉంది. పట్టీ ఆలోచన మానేశాను. బోయినపల్లి దగ్గరి కాంటా మీద తూకం వేయిస్తే లోడు పరిమితి మించలేదు, కాబట్టి వంపు పోయినట్టే ఉంది. రేపు బండికి కిరాయి లేదు. కట్టలు విప్పించి, వంపు కొలిపించి, బుష్‌ల ఫొటోలు ఇక్కడే పెడతాను.